గేదెకు సరిపడే మేత గుర్రానికి ఎందుకు సరిపడదు?

క్లుప్తంగా: తెలుగు రాష్ట్రాల్లో గుర్రాలు తినే మేతలో ఎక్కువ భాగం పాడి పశువుల కోసం పండించినదే. గేదె మేతను ముందు పులియబెట్టి, తరువాత జీర్ణం చేసుకుంటుంది. గుర్రం ముందు జీర్ణం చేసుకొని, మిగిలినదాన్ని చివర పులియబెడుతుంది. నేపియర్ గడ్డి, తవుడు, మొక్కజొన్న, పశువుల దాణా గుర్రానికి తెచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఈ తేడాయే. పీచుమేత కడుపునిండా అందించి, గింజలను పూటకు కొలిచి పెట్టి, కాల్షియం లోటును పూడ్చితే ఆ ఇబ్బందుల్లో అధిక భాగం రాకుండా చూడవచ్చు.

హైదరాబాద్ మలక్‌పేటలోని పందెపు గుర్రాలు, పెళ్లి ఊరేగింపులకు అద్దెకు తిరిగే గుర్రాలు, విశాఖ సముద్రతీరంలో పిల్లలను ఎక్కించుకునే గుర్రాలు, పాడేరు ఏజెన్సీ కొండదారుల్లో సంతకు సరుకు మోసే పొట్టి గుర్రాలు, నగరాల అంచుల్లో వెలుస్తున్న స్వారీ శిక్షణ కేంద్రాల గుర్రాలు చేసే పని వేరు, వాటిమీద యజమానులు పెట్టగలిగే ఖర్చు వేరు. పందెపు గుర్రాల సంగతి పక్కన పెడితే మిగిలిన వాటిలో చాలావాటి మేత మాత్రం ఒకే చోటు నుంచి వస్తుంది. గేదెల కోసం కోసుకొచ్చిన సూపర్ నేపియర్ మోపు, వరిగడ్డి వామి, మిల్లు తవుడు, పశువుల దాణా బస్తా ఏవి దొరికితే అవి గుర్రం ముందుకు కూడా చేరతాయి. నాలుగు కాళ్లూ గిట్టలూ ఉండి గడ్డి తినే జంతువులన్నీ ఒకటేనన్న భావన దీని వెనుక ఉంది.

గుర్రం మేతను స్థానిక అలవాట్లకు వదిలేయడం ఈ నేలమీద కొత్త కాదు. కాకతీయుల రేవు మోటుపల్లిని వర్ణించిన 13వ శతాబ్దపు వెనిస్ యాత్రికుడు మార్కో పోలో, దానికి దక్షిణాన మాబార్ అని పిలిచిన తమిళ తీరం గురించి రాస్తూ, అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలను పర్షియా సింధుశాఖ రేవుల నుంచి కొంటున్నారనీ, వాటికి మాంసంతో కలిపి వండిన అన్నం పెడుతున్నారనీ, సరిగా చూసుకునేవారు లేక అవి చాలావరకు చనిపోతున్నాయనీ నమోదు చేశాడు. ఆ మరణాలకు వాతావరణం, రోగాలు కూడా కారణమై ఉండవచ్చు. అయినా పచ్చిక బయళ్లలో పెరిగిన జంతువుకు వండిన అన్నం పెడితే ఏమవుతుందో నేటి పశువైద్యం తేలికగానే వివరించగలదు.

గదుల వరస మారితే

గేదె తిన్న గడ్డి మొదట చేరేది పెద్దపొట్టకు. వంద లీటర్లకు పైగా పట్టే ఆ తొట్టిలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి, గేదె తీరిగ్గా నెమరు వేస్తుంది, ఆ తరువాతే మేత అసలు జీర్ణాశయానికీ చిన్నపేగుకూ వెళ్తుంది. మేతలో ఉన్న విషపదార్థాల్లో కొన్నింటిని ఆ సూక్ష్మజీవులు ముందే విరగ్గొట్టేస్తాయి, చివరకు ఆ సూక్ష్మజీవులే జీర్ణమై గేదెకు మాంసకృత్తులుగా మారతాయి.

గుర్రానికి కూడా అలాంటి తొట్టి ఉంది, కానీ అది చివర ఉంది. 500 కిలోల గుర్రం జీర్ణాశయంలో పట్టేది 8 నుంచి 15 లీటర్లే. దాని తరువాత సుమారు 20 మీటర్ల చిన్నపేగు. ఆ తరువాతే అంధనాళం, పెద్దపేగు కలిసి వంద లీటర్లకు పైగా పట్టే పులియబెట్టే గది వస్తుంది. అంటే మేతలోని పిండిపదార్థం, మాంసకృత్తులు, కొవ్వు, కాల్షియం ముందుగా చిన్నపేగు దగ్గర ఒంటికి పట్టాలి. అక్కడ పట్టనివి వెనక గదికి చేరి సూక్ష్మజీవుల పాలవుతాయి. పీచు నుంచి పుట్టిన ఆమ్లాలు అక్కడ గుర్రానికి శక్తినిస్తాయి, కానీ ఆ గదిలో తయారైన మాంసకృత్తులు చాలావరకు పేడతో బయటికి పోతాయి. దీనికి తోడు జీర్ణాశయం ముఖద్వారం దగ్గరి కండరం ఎంత గట్టిగా బిగిసి ఉంటుందంటే గుర్రం వాంతి చేసుకోలేదు. పొరపాటున లోపలికి వెళ్లినది వెనక్కి వచ్చే దారి లేదు. కడుపులో గింజలు ఉబ్బి, గ్యాసు పేరుకుంటే జీర్ణాశయం పగిలి గుర్రం చనిపోయే ప్రమాదం కూడా ఉంది.

నేపియర్ గడ్డి, దాగి ఉన్న లోటు

ఈ తేడా అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది నేపియర్ విషయంలో. తెలుగు రాష్ట్రాల పాడి రైతులకు ఈ గడ్డి పెద్ద ఆసరా. ఏడాది పొడవునా కోతకు వస్తుంది, దిగుబడి ఎక్కువ, గేదెలు ఇష్టంగా తింటాయి. అయితే నేపియర్, గినీ, పారా వంటి ఉష్ణమండలపు గడ్డిజాతుల్లో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. ఎండు బరువు (నీరు పోగా మిగిలే బరువు) లెక్కన అది అర శాతం దాటినా గుర్రం విషయంలో జాగ్రత్త పడాలి. లేత నేపియర్‌లో 2 శాతం దాటడం సాధారణమే. ఆక్సలేట్ గడ్డిలోని కాల్షియాన్ని పట్టుకొని కరగని స్ఫటికంగా మార్చేస్తుంది.

గేదె పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ఈ ఆక్సలేట్‌ను విరగ్గొట్టి, కాల్షియం చిన్నపేగుకు చేరకముందే దానిని విడిపిస్తాయి. అందుకే అలవాటుపడిన గేదె అదే గడ్డి తిని పాలిస్తుంది. గుర్రంలో కాల్షియం పట్టేది చిన్నపేగులో, ఆక్సలేట్‌ను విరగ్గొట్టగల సూక్ష్మజీవులు ఉండేది దాని తరువాత. విడుదలయ్యే వేళకు కాల్షియం పట్టే చోటు దాటిపోయి ఉంటుంది. గడ్డిని ప్రయోగశాలలో పరీక్షిస్తే కాల్షియం ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ గుర్రానికి మాత్రం అందదు.

అప్పుడు శరీరం తన నిల్వల మీద పడుతుంది. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు పనిచేయవు కాబట్టి, పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల నుంచి కాల్షియాన్ని లాగి రక్తంలోకి పంపుతుంది. నెలల తరబడి ఇలా సాగితే గట్టి ఎముక స్థానంలో మెత్తటి పీచు కణజాలం చేరుతుంది. మొదట కనిపించేది కుంటు. అది కూడా ఒక కాలికి పరిమితం కాదు, ఒక రోజు ముందుకాలు, మరో వారం వెనుకకాలు. నడక బిగుసుకుపోతుంది, నమలడం మందగిస్తుంది, పళ్లు వదులవుతాయి, చివరకు ముఖం ఎముకలు రెండు వైపులా ఉబ్బి తల పెద్దదిగా కనిపిస్తుంది. దీన్ని పశువైద్యులు బిగ్ హెడ్ అంటారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఉష్ణమండలపు గడ్డి జాతులు నాటిన బీళ్లలో మేసిన గుర్రాలకు కూడా ఇదే జబ్బు వచ్చింది. దీనిని గుర్తించడంలో ఒక చిక్కుంది: ఎముకలు కరుగుతూ రక్తాన్ని నింపుతున్నంతకాలం రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపిస్తుంది. పరీక్ష బాగుందని మేత మార్చకుండా కొనసాగించడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు.

నేపియర్ తప్ప మరేదీ దొరకని చోట దాన్ని పూర్తిగా మానేయమనడం ఆచరణకు నిలవదు. మేతలో దాని వాటాను తగ్గించి, కాల్షియం దండిగా ఉండే పప్పుజాతి మేతను జత చేయడం మేలైన దారి. లూసర్న్ ఎండు బరువులో సుమారు 1.2 నుంచి 1.5 శాతం కాల్షియం ఉంటుంది. రాయలసీమలో విరివిగా దొరికే వేరుశనగ కట్టె, కోస్తా మాగాణుల్లో వరి తరువాత చల్లే పిల్లిపెసర కూడా పనికొస్తాయి. వేరుశనగ కట్టెను మట్టి దులిపి, బూజు లేకుండా చూసుకొని పెట్టాలి, ఎందుకంటే మేతతో లోపలికి వెళ్లిన ఇసుక పెద్దపేగు అడుగున పేరుకొని శూల, అంటే తీవ్రమైన కడుపునొప్పి, తెస్తుంది. చేలగట్ల మీద మొలిచే గరికలో ఆక్సలేట్ బాగా తక్కువ. గుర్రాల వరకు చూస్తే ఏపుగా పెరిగిన నేపియర్ కన్నా ఈ సాదా గడ్డి మేలు.

వరిగడ్డి సంగతి వేరు. దానిలో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు, ఇసుకలాంటి సిలికా ఎక్కువ, జీర్ణమయ్యేది తక్కువ. పళ్లు అరిగిన ముసలి గుర్రం దాన్ని సరిగా నమలక మింగితే, ముఖ్యంగా నీళ్లు చాలని రోజుల్లో, పేగులో గడ్డకట్టి అడ్డుపడవచ్చు. జొన్న చొప్ప దీనికన్నా మెరుగు, అయితే బాగా ఎండినది కావాలి. పచ్చి జొన్నలోని సయనైడ్ పదార్థాలు కొద్దికొద్దిగానైనా వారాల తరబడి లోపలికి వెళ్తే గుర్రంలో మూత్రాశయం దెబ్బతిని, వెనుక కాళ్లు తూలడం మొదలవుతుంది.

తవుడు చేసే అన్యాయం

నేపియర్ కాల్షియాన్ని దాచేస్తే తవుడు దానిని తరిమేస్తుంది. వరి తవుడులో భాస్వరం సుమారు 1.5 శాతం, కాల్షియం 0.1 శాతం. గుర్రం మొత్తం మేతలో ఒక వంతు భాస్వరానికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల కాల్షియం ఉండాలి, ఏ పరిస్థితిలోనూ భాస్వరం కాల్షియాన్ని మించకూడదు. 300 కిలోల ఎదిగిన గుర్రానికి రోజుకు కనీసం 12 గ్రాముల కాల్షియం, సుమారు 8 గ్రాముల భాస్వరం చాలు. రెండు కిలోల తవుడు పెడితే అందేది 30 గ్రాముల భాస్వరం, 2 గ్రాముల కాల్షియం. ఆ రెంటినీ సమం చేయడానికే 70 గ్రాములకు పైగా మేతకు వాడే సున్నపురాయి పొడి కలపాలి. యూరప్‌లో ఒకప్పుడు పిండిమరల యజమానులు తమ దగ్గర మిగిలిన తవుడుతో గుర్రాలను పోషించేవారు. బిగ్ హెడ్‌కు అక్కడ మరవాళ్ల జబ్బు అనే పేరు రావడానికి కారణం అదే.

మన మిల్లుల దగ్గర తవుడు సులభంగా దొరుకుతుంది, తడిపితే గుర్రం ఇష్టంగా తింటుంది, పేడ మెత్తబడుతుంది. ఈ మూడు సుగుణాల వల్లే అది రోజూ పెట్టే మేతగా స్థిరపడింది. నేపియర్, తవుడు రెండూ కలిసిన మేత, వేరే కాల్షియం లేకపోతే, గుర్రపు ఎముకలకు ఊహించగలిగినంతలో అతి చెడ్డ జోడి.

ఉలవల పేరులోనే గుర్రం

ఇంగ్లిష్‌లో ఉలవల పేరుకు అర్థమే గుర్రపు పప్పు. మాంసకృత్తులు 22 శాతం దాకా ఉండే ఈ పప్పులో కాల్షియం, భాస్వరం దాదాపు సమానంగా ఉంటాయి. తవుడుతోనో మొక్కజొన్నతోనో పోలిస్తే ఇది ఎంతో నయం. పచ్చి ఉలవల్లో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, ఉడికిస్తే అవి నశిస్తాయి. కాబట్టి ఎడ్లకూ గుర్రాలకూ ఉలవలను గుగ్గిళ్లుగా ఉడికించి పెట్టిన పాత అలవాటుకు గట్టి ఆధారమే ఉంది. ఆ ఉడికిన నీటితో కాచిన ఉలవచారు ఇప్పుడు విందుల్లో దర్జాగా వడ్డనకు వస్తోంది.

అయితే ఉలవలు బలమని ఎక్కువ పెట్టడంలో లాభం లేదు. పెద్ద గుర్రానికి మేతలో మాంసకృత్తులు 10 శాతం దగ్గర ఉంటే చాలు. అంతకన్నా ఎక్కువ కావలసింది ఎదిగే పిల్లలకు, పాలిచ్చే తల్లులకు. అవసరాన్ని మించిన మాంసకృత్తులు యూరియాగా మారి మూత్రంతో పోతాయి. దాంతో గుర్రం ఎక్కువ నీళ్లు తాగుతుంది, ఒంట్లో వేడి ఎక్కువ పుడుతుంది, గుర్రపుసాలలో అమోనియా ఘాటు పెరిగి ఊపిరితిత్తులను ఇబ్బంది పెడుతుంది. ఉలవలు వేడి చేస్తాయన్న సాయీసుల (గుర్రాలను చూసుకునేవారి) మాటలో కొంత నిజం ఉన్నది ఇందుకే.

పూటకు ఎంత పిండి?

గింజల్లోని పిండిపదార్థం చిన్నపేగులోనే చక్కెరగా మారి ఒంటికి పట్టాలి. దీనికి అవసరమైన రసాలు గుర్రంలో పరిమితం, మేత అక్కడ ఆగే సమయం కూడా తక్కువ. మించిన పిండి పెద్దపేగుకు జారితే పీచును పులియబెట్టే సూక్ష్మజీవుల చోట పిండిని తిని లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టించేవి విజృంభిస్తాయి. పులుపు పెరిగి మంచి సూక్ష్మజీవులు చనిపోతాయి, వాటి శరీరాల నుంచి వెలువడిన విషాలు దెబ్బతిన్న పేగు గోడను దాటి రక్తంలో కలుస్తాయి. శూల వస్తుంది, కొన్నిసార్లు ఒకటి రెండు రోజుల్లో గిట్టల లోపలి పొరలు వాచి, గిట్ట ఎముకను పట్టి ఉంచే బంధం వదులవుతుంది. లామినైటిస్ అనే ఈ జబ్బు కడుపులో మొదలై కాలిలో బయటపడుతుంది కాబట్టే దానికీ మేతకూ ఉన్న సంబంధం చాలాసార్లు గుర్తింపునకు రాదు.

సురక్షితమైన కొలత శరీర బరువులో కిలోకు పూటకు 1 గ్రాము పిండిపదార్థం. 300 కిలోల గుర్రానికి అది 300 గ్రాములు. ఓట్స్‌లో పిండి సుమారు 40 నుంచి 45 శాతం కాబట్టి పూటకు ముప్పావు కిలో దాకా పెట్టవచ్చు, 70 శాతం పిండి ఉండే మొక్కజొన్న అయితే 400 గ్రాములు దాటకూడదు. పైగా ఓట్స్ పిండిలో అధిక భాగం చిన్నపేగులోనే జీర్ణమవుతుంది, ఉడికించని మొక్కజొన్న పిండి మాత్రం చాలావరకు జీర్ణం కాకుండానే వెనక్కి వెళ్తుంది. సాలలో డబ్బాతో కొలిచే అలవాటు ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది, ఎందుకంటే అదే డబ్బా మొక్కజొన్న ఓట్స్ కన్నా ఎంతో బరువు తూగుతుంది. ఓట్స్ దొరక్క ఒక డబ్బా బదులు ఒక డబ్బా మొక్కజొన్న పోసిన రోజున పిండిపదార్థం రెట్టింపును మించుతుంది.

ఇంతకన్నా ఎక్కువ శక్తి కావలసిన గుర్రానికి పూటల సంఖ్య పెంచడం ఒక దారి, కొద్దికొద్దిగా అలవాటు చేస్తూ నూనె కలపడం మరో దారి. ఏ కొత్త మేతనైనా 7 నుంచి 14 రోజుల్లో క్రమంగా మార్చాలి.

ఖాళీ కడుపు

మనిషి కడుపులో ఆమ్లం భోజనంతో పెరుగుతుంది. గుర్రం కడుపులో అది రాత్రింబవళ్లు ఊరుతూనే ఉంటుంది. దాన్ని విరిచే జొల్లు మాత్రం నమిలినప్పుడే వస్తుంది. కిలో ఎండుగడ్డి నమలడానికి 40 నిమిషాల దాకా పడితే, కిలో గింజలు పది నిమిషాల్లో అయిపోతాయి. గింజలతో కడుపు నింపిన గుర్రం నమిలే సమయాన్నీ, దానితోపాటు జొల్లునూ కోల్పోతుంది. శిక్షణలో ఉన్న పందెపు గుర్రాల్లో అత్యధిక శాతానికి కడుపులో పుండ్లు ఉన్నట్టు అనేక దేశాల పరిశీలనల్లో తేలింది. పెళ్లి సీజన్‌లో సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా మేత లేకుండా నిలబడి, మధ్యలో అతిథులు పెట్టిన మిఠాయి తిని, సాలకు చేరాక ఒక్కసారిగా దాణా మీద పడే గుర్రం పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఉండదు. ఊరేగింపుకు బయలుదేరే ముందు రెండు గుప్పిళ్ల లూసర్న్ పెట్టి, తిరిగి రాగానే మొదట గడ్డి, తరువాతే దాణా వేస్తే కడుపు మీద పడే భారం బాగా తగ్గుతుంది.

బస్తా మీద ఏముందో చూడాలి

కోళ్ల పరిశ్రమ విస్తరించిన తెలుగు నేలలో కోళ్ల దాణా ఎక్కడైనా దొరుకుతుంది. పేగులను దెబ్బతీసే కాక్సిడియా రోగం రాకుండా దానిలో కలిపే మోనెన్సిన్ వంటి మందులను కోళ్లు తట్టుకుంటాయి. గుర్రానికి మాత్రం శరీర బరువులో కిలోకు 2, 3 మిల్లీగ్రాములే గుండె కండరాన్ని చంపడానికి చాలు. దీనికి విరుగుడు లేదు. కొన్ని పశువుల దాణాల్లోనూ ఇవే మందులు ఉంటాయి. బస్తా మార్చడంలో జరిగిన పొరపాటే కాదు, ఒకే యంత్రంలో ముందు కోళ్ల దాణా, తరువాత గుర్రాల దాణా తయారైనా ప్రాణం మీదికి రావచ్చు.

బూజు పట్టిన మొక్కజొన్న రెండో ప్రమాదం. కోత వేళ తడిసిన కంకుల్లో పెరిగే ఒక రకం బూజు ఫ్యుమోనిసిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది గుర్రం మెదడులోని తెల్లని భాగాన్ని కరిగించేస్తుంది. గేదెలు చాలావరకు తట్టుకోగల ఈ విషానికి గుర్రాలు అతి త్వరగా లొంగిపోతాయి. మనిషి తిండికి పనికిరాదని పక్కన పడేసిన గింజలను గుర్రానికి పోయడం ఏ లెక్కన చూసినా తగదు.

చెమటలో పోయేది నీరొక్కటే కాదు

చల్లని రోజున 25, 30 లీటర్లతో సరిపెట్టుకునే పెద్ద గుర్రం ఎండాకాలంలో పని చేస్తే దానికి రెట్టింపు తాగుతుంది. గుర్రం చెమట మనిషి చెమట కన్నా బాగా ఉప్పన. మనిషికి చెమట పట్టినప్పుడు ఉప్పు కన్నా నీరు ఎక్కువగా పోయి, రక్తం చిక్కబడి దాహం వేస్తుంది. గుర్రంలో నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది కాబట్టి రక్తం చిక్కబడదు, ఒళ్లు ఎండుతున్నా దాహం వేయదు. ముందు నీళ్లు పెట్టినా గుర్రం తాగకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పని లేని రోజున 500 కిలోల గుర్రానికి 25 గ్రాముల దాకా మామూలు ఉప్పు కావాలి, చెమటోడ్చిన రోజున దానికి ఎన్నో రెట్లు. ఉప్పు దిమ్మను నాకడం ఒక్కటే ఆ లోటు తీర్చలేదు. మేతలో కలిపి ఇవ్వాలి. తేమ ఎక్కువగా ఉండే తీరప్రాంతాల్లో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది, వాటికి ఎండ పూట పని పెట్టకూడదు.

టేపుతో తూకం

మేత కొలవడానికి ముందు గుర్రం బరువు తెలియాలి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకొని, దాన్ని అదే సంఖ్యతో గుణించి, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు సుమారుగా వస్తుంది. 160 చుట్టుకొలత, 140 పొడవు ఉన్న గుర్రం 300 కిలోలు తూగుతుంది. దానికి రోజుకు బరువులో 2 శాతం, అంటే 6 కిలోల ఎండు బరువు మేత కావాలి. అందులో కనీసం నాలుగున్నర కిలోలు పీచుమేతే కావాలి. పచ్చి నేపియర్‌లో 80 శాతం నీరే కాబట్టి ఆ 6 కిలోలను దానితోనే నింపాలంటే 30 కిలోల మోపు కావాలి. ఒక చిన్న మోపు వేసి కడుపు నిండిందనుకోవడంలో ఉన్న లోటు ఈ లెక్కలో తెలుస్తుంది.

సరిపోతున్నదో లేదో గుర్రం ఒళ్లే చెబుతుంది. ఒంటి పుష్టిని అంచనా వేయడానికి 1983లో అమెరికాలో రూపొందిన 1 నుంచి 9 దాకా ఉండే కొలబద్దలో 5 ఆదర్శస్థితి. పక్కటెముకలు కంటికి కనిపించకూడదు, చేతితో తడిమితే తగలాలి. మెడ మీద కొవ్వు దిమ్మకట్టిన గుర్రం పుష్టిగా కనిపించినా లామినైటిస్‌కు దగ్గరగా ఉన్నట్టే.

బక్కచిక్కిన గుర్రాన్ని దక్కించుకోవడం

వదిలేసిన లేదా ఆకలితో ఎముకలు తేలిన గుర్రం చేతికి వచ్చినప్పుడు చూసేవారికి మొదట తోచేది గంపెడు దాణా పోయడం. ఆ దాణాయే దాని ప్రాణం తీయవచ్చు. వారాల తరబడి కొవ్వునూ కండనూ కరిగించుకుని బతికిన శరీరానికి ఒక్కసారిగా పిండిపదార్థం అందితే ఇన్సులిన్ ఎగబాకుతుంది, దానితో రక్తంలో మిగిలి ఉన్న కాస్త భాస్వరం, మెగ్నీషియం, పొటాషియం కణాల లోపలికి వెళ్లిపోతాయి, గుండె, ఊపిరి లయ తప్పుతాయి. మేత దొరికిన 3 నుంచి 10 రోజుల్లో, కోలుకుంటోందని అందరూ అనుకుంటున్న వేళ, గుర్రం కూలిపోవడం దీనివల్లే. ఇలాంటి గుర్రాలకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలోని పశువైద్యులు సూచించిన పద్ధతి ఆకు దండిగా ఉన్న ఎండు లూసర్న్. అందులో పిండిపదార్థం తక్కువ, మాంసకృత్తులు, మెగ్నీషియం ఎక్కువ. మొదటి మూడు రోజులు పెద్ద గుర్రానికైనా సుమారు అరకిలో చొప్పున 4 గంటలకోసారి, ఆ తరువాత మొత్తాన్ని మెల్లగా పెంచుతూ పూటల సంఖ్య తగ్గించి, పదో రోజు దాటాకే కడుపునిండా మేత. గింజల ఊసు అంతకు తరువాతే. ఇలా చూసుకున్న గుర్రం మామూలు బరువుకు రావడానికి 3 నుంచి 5 నెలలు పడుతుంది.